గృహ యంత్ర విజ్ఞానము: కదలెడి ముఖమునకు మేలిముసుగు

సంక్రాంతి వెళ్ళిన పిమ్మట మాకు వచ్చిన జాబులలో ఒకటి ఈ శీర్షికకు మిక్కిలి తగియున్నది. వ్రాసిన యామె పేరును ఊరును మేము వెల్లడింపము. వెల్లడింపకుండుటయే ఈ నెల మా విషయము. ఆమె యింట బొమ్మలకొలువు పెట్టి, వీధిలోని ఆడపిల్లల నందఱిని పేరంటమునకు పిలిచి, ఆ వేడుకను ఫోనుతో నాలుగు నిమిషములు వీడియో తీసినది. అమెరికాలో నున్న చెల్లెలికి పంపవలె ననియు, యూట్యూబులో పెట్టవలె ననియు ఆమె కోరిక. ఇంతలో పొరుగింటి యిల్లాలు వచ్చి, "వదినగారూ, వీడియో మీ యిష్టము. మా పాప ముఖము మాత్రము నలుగురిలో పెట్టకండి" అని చెప్పి పోయినదట. చిక్కేమనగా, హారతిపళ్లెము పట్టుకొని కొలువు ముందట మొదటినుండి చివరవఱకు తిరిగినది ఆ పాపయే. ఆమె యున్న భాగమును కత్తిరించినచో మిగులునవి బొమ్మలు మాత్రమే. మన సోదరి యొక యుపాయ మాలోచించి, ఫోనులోనే యొక చేమంతిపూవు బొమ్మను పాప ముఖముపై నంటించినది. పాప నడచిపోయినది, పూవు మాత్రము కొలువు మూడవ మెట్టుపైన గాలిలో వ్రేలాడుచు నిలిచిపోయినది. "ఆ పూవు పాపతోకూడ నడచుటకు ఏదైన ఉపాయ మున్నదా?" అని ఆమె యడుగుచున్నది.

ఉన్నది. దానిని మోషన్ ట్రాకింగు అందురు. తెలుగున జాడపట్టుట యనిన చాలును. కాని దానినిగూర్చి చెప్పుటకు ముందు ఆ పొరుగింటామె కోరికనుగూర్చి ఒక మాట. "ఇంతమాత్రమునకే ఇంత పట్టుదలయేల?" అనువారు లేకపోలేదు. మేము అట్లనుకొనము. ఒకసారి వెల్లడియైన వీడియోను ఎవరెవరు తమ ఫోనులలో దాచుకొందురో, ఎవరికి పంపుదురో మనకు తెలియదు. తరువాత మనము తీసివేసినను వారియొద్ద నున్నది పోదు. పసిపిల్ల తన ముఖము లోకమున తిరుగవచ్చునో లేదో తానై నిర్ణయించుకొనజాలదు గనుక తల్లి యామెకొఱకు నిర్ణయించినది. దానిని మన్నించుటయే మర్యాద.

ఈ విద్యను నేర్పువారు సాధారణముగా పరుగెత్తు కారుమీద అక్షరములు నిలుపుటతో ఆరంభింతురు. అది సులభమును, చూచుటకు సరదాయును. మేము ముఖము దాచుటతోనే ఆరంభింతుము. ఏలయన, కారుమీది యక్షరములు జానెడు ప్రక్కకు జరిగినచో నవ్వుకొని ఊరకుందుము. ముసుగు ఒక్క క్షణము జరిగినచో ఇచ్చిన మాట పోవును.

వీడియోను మనము కదలు బొమ్మ యని వాడుకగా అనుచున్నాము గాని, అందు కదలునది యేదియు లేదు. నిశ్చలములైన ఛాయాపటములు ఒకదానివెంట నొకటి వేగముగా కన్నుల యెదుట మాఱుచుండును. ఒక్కొక్క పటమును ఫ్రేము అందురు. సినిమాకు సెకనునకు 24 ఫ్రేములు, మన దేశపు టెలివిజనునకు 25, ఫోనులలో సాధారణముగా 30. ఈ లెక్కను మన సోదరి వీడియోకు పట్టి చూతము. నాలుగు నిమిషములనగా 240 సెకనులు, 7,200 పటములు. పాప ముఖము అందు సగము పటములలో కనబడినదనుకొన్నను, 3,600 పటములలో పూవును సరియైన చోట ఉంచవలెను. ఒక్కొక్కదానికి పది సెకనులే పట్టినను అది పదిగంటల పని. పండుగ మఱునాడు ఏ యిల్లాలికి అంత తీరిక గలదు?

పూర్వము చిత్రములు తీయువారు ఇట్టి పనిని నిజముగా చేతితోనే చేయుచుండిరి. అమెరికాలో మాక్స్ ఫ్లైషర్ అను నాతడు, చిత్రములోని పటములను ఒక్కొక్కటిగా గాజుపలకపై పడునట్లు చేసి, వానిపై కాగితముంచి గీసికొను యంత్రమునకు 1917లో పేటెంటు పొందెను. దాని పేరు రోటోస్కోపు. మన మాయాబజారు 1957లో వెలువడినది. అందలి మాయలు మార్కస్ బార్ట్లే గారి కెమేరా నేర్పే గాని కంప్యూటరు చేసినవి కావు. 2012లో ఈగ వచ్చునాటికి కాలము మాఱినది. కంప్యూటరులో పుట్టిన యీగను నిజముగా తీసిన దృశ్యములలో చేర్చవలెనన్నచో, కెమేరా కదలిన ప్రతిసారియు ఈగయు దానికి తగినట్లు ఉండవలెను గదా. అట్టి పొందికకు ఆధారము ఈ జాడపట్టుటయే. పెద్ద పెద్ద స్టూడియోలకు మాత్రమే అందిన యీ పనిముట్టు నేడు మన యింటి కంప్యూటరులోనికి ఉచితముగా వచ్చియున్నది. దానిని ఉపయోగించుకొనకుండుట న్యాయము కాదు.

చేతిపనికిని యంత్రపు పనికిని నడుమ ఒక మెట్టు గలదు. మొదటి పటమున పూవును పాప ముఖముపై నుంచి "ఇచ్చట" అని యొక గుర్తు వేయుదుము. ముప్పదవ పటమున పాప యున్నచోటికి పూవును జరిపి మఱియొక గుర్తు వేయుదుము. నడుమనున్న పటములలో పూవు ఎచ్చట నుండవలెనో యంత్రము తానే లెక్కగట్టును. ఈ గుర్తులను కీఫ్రేములందురు. అయితే యంత్రము ఆ రెండు గుర్తుల నడుమ దారము లాగి పట్టినట్లు తిన్నగా పోవును; పాప అట్లు నడవదు. వంగును, త్రుళ్ళును, ఎవరైన పిలిచినచో తటాలున తల త్రిప్పును. అందుచేత గుర్తులు మఱింత దగ్గఱదగ్గఱగా వేయవలసివచ్చును. జాడపట్టుట యనగా ప్రతి ఫ్రేమునందును ఈ గుర్తును యంత్రమే వేసికొనిపోవుట. అంతకుమించి మంత్రమేదియు లేదు. క్రొత్తగా నేర్చువారు ముందుగా ఐదు సెకనుల తునకలో ఈ పనిని చేతితోనే ఒక్కమాఱు చేసి చూడవలెనని మా సలహా. యంత్రము దారి తప్పినప్పుడు సవరించుట అట్టివారికే చేతనగును.

ఇక యంత్రము వెంబడించు విధము. దీనిని తెలిసికొనినచో సగము విద్య వచ్చినట్లే. తిరునాళ్ళలో పిల్ల తప్పిపోయినప్పుడు "ఎఱ్ఱ పరికిణీ, పసుపు రవిక, రెండు జడలు" అని గుర్తులు చెప్పి వెదకింతుము. వెదకబోయినవానికి పిల్ల తెలియదు, గుర్తులే తెలియును. అట్టి పరికిణీయే కట్టిన మఱియొక పిల్ల యెదురైనచో ఆమెనే చేయిపట్టి తీసికొనివచ్చును. యంత్రమును సరిగా నిట్టిదే. మనము చూపినచోట గల చిన్న చదరపు ముక్కను, అందలి వెలుగునీడలను రంగులను అది జ్ఞాపకముంచుకొనును. తరువాతి ఫ్రేములో ఆ చోటికి చుట్టుపట్ల కొంతమేర వెదకి, ఆ ముక్కను ఎక్కువగా పోలినది ఎచ్చటనున్నదో కనిపెట్టి అచ్చటికి జరుగును. చుట్టుపట్ల మాత్రమే వెదకుట కాలము కలిసివచ్చుటకు. పాప ఒక్కసారిగా దుమికినచో ఆ మేరను దాటిపోవును. అప్పుడు యంత్రము దగ్గఱనున్న మఱియొకదానిని పట్టుకొని, తాను తప్పినట్లు ఎఱుగకయే ముందునకు సాగిపోవును.

కావున గుర్తు ఎన్నుకొనుటలోనే నేర్పంతయు నున్నది. సున్నము కొట్టిన తెల్లని గోడను చూపి "దీనిని పట్టుకొనుము" అనినచో యంత్రమేమి చేయగలదు? గోడయంతయు నొకటే. చీర అంచును చూపితిమా, అంచు వెంబడి పైకిని క్రిందికిని ఎచ్చట చూచినను అదే గీత. గుర్తు ఆ గీతమీద జారుడుబండమీది పిల్లవలె జారిపోవును. పైటచెఱగు కొన మాత్రము మంచి గుర్తు, ఏలయన అచ్చట రెండు అంచులు కలిసి మూల ఏర్పడినది. ఆ మూల ఎటు జరిగినను తెలిసిపోవును. ముగ్గులోని చుక్కలు, ముత్యాలదండ, కొలువులో వరుసగా నిలిపిన సిపాయి బొమ్మలు ఇవన్నియు మోసగించునవి, ఒకదానినొకటి పోలియుండుటచేత. ముఖములో నొసటిబొట్టు దివ్యమైన గుర్తు: లేత చర్మముపైనైనను చామనచాయపైనైనను ముదురుగా, గుండ్రముగా తేటపడును. కంటి కొనలును మంచివే. 1981లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున బ్రూస్ లూకాస్, తకేవో కనాడే అనువారు ఈ వెదకుటకు ఒక గణితపద్ధతిని ఏర్పఱచిరి. వెంబడించుటకు తగిన గుర్తు ఎట్టిది యను ప్రశ్నకే జియాన్బో షీ, కార్లో తొమాసీ అనువారు 1994లో ప్రత్యేకముగ ఒక వ్యాసము వ్రాసిరి. ఆ గణితము మనకు అక్కఱలేదు. దాని సారము, గోడ పనికిరాదు, అంచు చాలదు, మూల మేలు, అని మాత్రము జ్ఞాపకముంచుకొనిన చాలును.

ఇప్పుడు పనిలోనికి దిగుదము. డావిన్చీ రిజాల్వ్ అను సాధనమును ఉచితముగా పొందవచ్చును; వెల యిచ్చి కొనవలసినది వేఱొకటి గలదుగాని మన పనికి ఉచితమైనదే చాలును. దానికి కొంచెము బలమైన కంప్యూటరు కావలెను. వీడియోను అందులో చేర్చి, పని వరుసపై పఱచి, తెఱ యడుగున గల కలర్ అను పుటను తెఱువుడు. మొదటి ఫ్రేమునుండియే మొదలుపెట్టవలెనను నియమము లేదు; పెట్టకుండుటయే మంచిది. పాప ముఖము పెద్దదిగా, తేటగా, మనవైపు తిరిగియున్న ఫ్రేమును వెదకి అచ్చట నిలువుడు. విండో అను అరలో వలయాకారమును తీసికొని ముఖముపై నుంచుడు. పిమ్మట ట్రాకరు అను అరలో ముందునకు అను మీటను నొక్కినచో వలయము పాపతో నడువసాగును. చివరవఱకు పోయిన తరువాత మరలి ఆ నిలిచిన ఫ్రేమునకే వచ్చి, ఈసారి వెనుకకు అను మీటను నొక్కవలెను. ఇట్లు నడుమనుండి ఇరువైపులకు జాడపట్టుట చేత, స్పష్టమైన చోటనుండి అస్పష్టమైన చోటికి పోయినట్లగును. అటుపిమ్మట బ్లర్ అను అరలో రేడియస్ అను కొలతను పెంచినకొలది వలయములోపలి ముఖము మంచుపట్టిన యద్దములోనిదివలె మసకబాఱును.

ఇందు నొక మెలకువ గలదు. ఈ సాధనము మనము చూపిన ఒక్క గుర్తును గాక, వలయములో దొరికిన గుర్తులనన్నిటిని తానే యేరుకొని వానిని కలిపి చూచును. వలయము మఱీ పెద్దదైనచో వెనుకనున్న కొలువు మెట్లు, గోడమీది పటములు కూడ అందు చిక్కుకొనును. అవి కదలవు, పాప కదలును. యంత్రము ఎవరి మాట వినవలెనో తెలియక తూలుచుండును. కనుక జాడ పట్టునప్పుడు వలయమును కన్నులు, బొట్టు, ముక్కు ఉన్నంతమేరకు బిగువుగా నుంచుడు. జాడ పూర్తియైన తరువాత దానిని జుట్టు, చెవులు, గడ్డముతో సహా కప్పునట్లు వదులు చేయుడు. ట్రాకరు అరలో క్లిప్ అను పద్ధతి యున్నంతసేపు, ఒకచోట వదులుచేసినచో వీడియో పొడవునను వదులగును. ఫ్రేమ్ అను పద్ధతికి మార్చినచో మన సవరణ ఆ చోటికి చెందిన గుర్తుగా నిలుచును. ఈ రెంటికి గల భేదమును మొదటి దినముననే తెలిసికొనుడు. తెలియక ఒకచోటి తప్పును దిద్దబోయి అన్నిచోట్ల చెఱుపుకొనుట క్రొత్తవారికి సర్వసాధారణము. మన సోదరికి చేమంతిపూవే కావలెనన్నచో ఇదే సాధనములో ఫ్యూజన్ అను పుట గలదు. అచ్చట ట్రాకరునకు పూవు బొమ్మను తగిలింపవచ్చును. అది రెండవ పాఠము. ముందు మంచుతెర వేయుట నేర్చినపిదప పూవు జోలికి పోవుట మేలు.

జాడ తప్పు చోటులు దాదాపు ఎల్లప్పుడు ఒక్కటే. పాప తల త్రిప్పినప్పుడు బొట్టు మాయమగును, చెంపయే మిగులును. ఎవరో పిన్నిగారు పసుపుకుంకుమల పళ్లెముతో అడ్డముగా నడచినప్పుడు వలయము ఆమె భుజము పట్టుకొని ఆమెతోనే వంటయింటికి పోవును. ఇట్టిచోట యంత్రముతో కలహింపరాదు. పిన్నిగారు అడ్డువచ్చుటకు ముందటి ఫ్రేమున ఆపి, ఆమె దాటిపోయిన పిదప పాప మఱల కనబడిన ఫ్రేమునకు పోయి, వలయమును చేతితో సరిగా నుంచి, అచ్చటనుండి క్రొత్తగా జాడపట్టవలెను. నడుమనున్న కొద్దిపాటి ఫ్రేములకు చేతి గుర్తులు చాలును. అందులకే మొదట చేతిపని నేర్వుడని చెప్పితిమి.

మూడవ చిక్కు వెలుతురుది. దీపముల వెలుగు చూచుటకు సొంపుగా నుండునుగాని, వెలుతురు చాలనప్పుడు కెమేరా ప్రతి పటమునకును ఎక్కువసేపు కన్ను తెఱచియుండును. ఆ లోపల పాప కదలినచో ముఖము చెదరి పొగవలె పడును. నిన్నటి గుర్తు నేటి పొగలో యంత్రమునకు కనబడదు. ఇది తీసిన తరువాత సవరింపదగినది కాదు, తీయునప్పుడే చూచుకొనవలెను. పగటివేళ కిటికీ ప్రక్కన, లేదా గదిలోని దీపములన్నియు వెలిగించి తీయుడు. ఫోనును చేతిలో పట్టుకొని తిరుగక ఒక పీటమీదనో బియ్యపు డబ్బాకు ఆనించియో నిలిపినచో, కదలునది పాప యొక్కతెయే యగును. యంత్రపు పని సగము తగ్గును. ముఖము దాచవలసియుండునని ముందే తెలిసినచో, ఆ పాపను అంచున గాక నడుమ నిలుపుట కూడ మంచిది.

ఇప్పుడు మేము అన్నిటికంటె ముఖ్యముగా తలచు పని. యంత్రము తన పని ముగిసినదని చెప్పినంతమాత్రమున మన పని ముగియదు. సెకనునకు 30 ఫ్రేములలో ఒక్క ఫ్రేమున ముసుగు జాఱినచో, చూచువాని కంటికి అది తెలియకపోవచ్చును. కాని వీడియోను ఆపి ఆ ఒక్క పటమును పట్టుకొనగోరినవానికి అదియే చాలును. ఒక ఫ్రేమనగా ఒక పూర్తి ఛాయాపటమని మఱవరాదు. కనుక బాణపు గుర్తుగల మీటను నొక్కుచు ఒక్కొక్క ఫ్రేమునే చూడవలెను. సెకనుకు మూడు చొప్పున చూచినను 3,600 ఫ్రేములకు ఇరువది నిమిషములు పట్టును. పదిగంటల పనిని తప్పించిన యంత్రమునకు ఇరువది నిమిషముల కాపలా యెక్కువ కాదు. పాప చిత్రములోనికి ప్రవేశించు చోటును, వెడలిపోవు చోటును మఱి రెండుమార్లు చూడుడు. ముసుగు ఆరంభమగుటకు రెండుమూడు ఫ్రేముల ముందే చెక్కిలి తొంగిచూచుట మిక్కిలి తఱచుగా జరుగు తప్పు. ఫోను తెఱపై గాక కంప్యూటరు తెఱపై, నిండుగా పెద్దది చేసి చూడుడు. పూర్తియైన పిదప అందఱికంటె ముందుగా పొరుగింటామెకే చూపుట ధర్మము. బిడ్డను గుర్తుపట్టుటలో తల్లికంటి కంటె పదునైన పరీక్ష లేదు.

ముసుగు ఎంత దట్టముగా నుండవలెను? ఇచ్చట చాలమంది పిసినితనము చూపుదురు. మసక పలుచగా నున్నచో వీడియో అందముగా నుండునని వారి యూహ. 2007లో ఒక నేరస్థుడు తన ఛాయాపటములలో ముఖమును సుడివలె త్రిప్పి దాచుకొనగా, జర్మనీ పోలీసు నిపుణులు ఆ సుడిని వెనుకకు విప్పి ముఖమును బయటపెట్టిరి. ఇంటర్పోల్ దానిని లోకమునకు ప్రకటించెను. అతడు దొరకుట మంచిదే. కాని విప్పదగిన ముసుగు ముసుగు కాదని ఆ సంగతి తెలుపుచున్నది. 2016లో అమెరికాలోని పరిశోధకులు, గళ్ళుగళ్ళుగా చేసిన ముఖములను సయితము శిక్షణ యిచ్చిన కంప్యూటరు ఎవరివో పోల్చగలదని చూపిరి. కావున పలుచని మసకను గాని చిన్న గళ్ళను గాని నమ్మరాదు. కన్ను, ముక్కు, నోరు ఎచ్చటనున్నవో కూడ తెలియనంత దట్టముగా వేయుడు. ఒకే రంగుతో నిండుగా పూసినచో విప్పుటకు అందు ఏమియు మిగులదు. ఆ లెక్కన మన సోదరి యంటించిన చేమంతిపూవు మసకకంటె గట్టి ముసుగే. దానికి నడక మాత్రమే తక్కువ.

కేడెన్‌లైవ్ అనునది పూర్తిగా ఉచితమైన మఱియొక సాధనము. దానిలో మోషన్ ట్రాకరు అను ప్రయోగమును వీడియోపై వేసి, ముఖము చుట్టు చతురస్రము గీసి, విశ్లేషణ మీటను నొక్కవలెను. ముఖమును మసకబాఱ్చుట, గళ్ళుగా చేయుట, నిండురంగుతో కప్పుట, ఈ మూడు విధములను అందే యెన్నుకొనవచ్చును. బలహీనమైన కంప్యూటరు గలవారు దీనిని ప్రయత్నింపవచ్చును.

ఏ సాధనమును నేర్చుకొను ఓపిక లేనివారికి యూట్యూబులోనే యొక త్రోవ గలదు. ముఖములను మసకబాఱ్చు వసతిని వారు 2012లో కల్పించిరి. మనము చూపిన చోటును వెంబడించి మసకబాఱ్చు వసతి 2016లో వచ్చినది. యూట్యూబు స్టూడియోలోని ఎడిటరులో బ్లర్ అను చోట ఈ రెండును గలవు. అందలి మొదటిది మన తిరునాళ్ళ వెదకువానివంటిది కాదు. ముఖము ముఖమని గుర్తింప నేర్చినది. వీడియోలోని ముఖములను తానే యేరి చూపును, మనము కావలసినదానిని ఎన్నుకొనవలెను. సులభమే. అయినను అడ్డుతిరిగిన ముఖమును, పళ్లెము చాటున సగము దాగిన ముఖమును అది విడిచివేయవచ్చును గనుక కాపలా యిక్కడను తప్పదు. మఱియొక సంగతి: వీడియోను అచ్చటికి ఎక్కించునప్పుడే ప్రైవేటు అను ఏర్పాటులో నుంచి, ముసుగు పూర్తియై పరీక్షించిన పిదపనే బహిరంగపఱుపవలెను. ముందు వెల్లడిచేసి తరువాత ముసుగు వేయుట, వాన కురిసినపిదప గొడుగు విప్పుటవంటిది.

ఈ విద్య దాచుటకే కాదు, చూపుటకును పనికివచ్చును. పెండ్లి వీడియోలో నడచివచ్చు మేనత్త తలపైన ఆమె పేరును నిలుపవచ్చును. దూరదేశమున పుట్టిన మనుమలు బంధువుల నెఱుగుటకు ఇది చక్కని సాధనము. ఒక గుర్తు పట్టినచో పేరు ఆమెతో జరుగును. రెండు గుర్తులు, ఉదాహరణమునకు రెండు కన్నుల కొనలు పట్టినచో, వాని నడుమ దూరము పెరిగి తగ్గుటనుబట్టి ఆమె దగ్గఱకు వచ్చుచున్నదో దూరమగుచున్నదో, తల వంచినదో యంత్రము గ్రహించి అక్షరములను పెద్దవిగను చిన్నవిగను చేయును. గోడమీది క్యాలెండరును మాపి అచ్చట తాతగారి పటమును పెట్టవలెనన్నచో నాలుగు మూలలను పట్టవలెను. దీనినిగూర్చి ఎవరైన అడిగినచో మఱియొక నెల వివరముగా వ్రాయుదుము.

ముఖము దాగినను పాప దాగకపోవచ్చును. కొలువు వెనుక బీరువాకు అద్దమున్నచో అందు ఆమె ముఖము మసకలేకుండ నిలిచియుండును. ఆ ప్రతిబింబమునకు వేఱుగా నొక వలయము పెట్టి జాడపట్టవలెను. ఆరిపోయియున్న టెలివిజను తెఱ, తోమిన ఇత్తడిబిందె కూడ అద్దములే. బడి పేరుగల సంచి, వీధి తలుపుమీది యింటి నంబరు చూచుకొనుడు. ఇంకను వినికిడి. ఎవరో పెద్దామె పాపను పూర్తిపేరుతో పిలిచి పాట పాడుమని అడిగియుండును. ఆ రెండు సెకనుల ధ్వనిని తగ్గించి, దానిపై వేడుకపాట నడపవలెను. వీడియో ముఖచిత్రముగా సాధనము తానై యెన్నుకొను పటమును కూడ పరీక్షింపుడు. చివరగా, ముసుగు ఉండునది క్రొత్తగా తయారుచేసి వెలికితీసిన వీడియోలో మాత్రమే. ఫోనులోని మొదటి వీడియో ఎప్పటివలె విప్పిన ముఖముతో అట్లే యుండును. చెల్లెలికి పంపు తొందరలో వ్రేలు ఏ వీడియోపై పడుచున్నదో చూచుకొనుటకై, క్రొత్తదానికి వేఱొక పేరు పెట్టి వేఱొక అరలో దాచుడు.